గోడ మీది పలకమ్మ

ఈశ్వరిని ఆటో ఎక్కించుకున్నాక ఏ ఊరు ఎప్పుడు చేరతామో చెప్పడం ఆ దేవుడి తరం కూడా కాదు. రాచర్ల నుంచి గిద్దలూరుకు రోజూ జనాన్ని తిప్పే ఆటో నాది. నా పేరు నాగులు. నా ఆటో ఎక్కినవాళ్లందరూ ‘తొందరగా పోనీ’ అని నా ప్రాణం తీస్తారు. ఈ మనిషి ఒక్కతే ‘ఆపన్నా, ఆపన్నా’ అని తీస్తుంది.

గిద్దలూరు బస్టాండు వెనక సందులో ఆమెకు ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఓణీల ఫంక్షన్లు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, అన్నీ ఆమే చూసుకుంటుంది. పల్లెల్లో పని పడితే నాకు ఫోన్ చేస్తుంది. కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని బుద్ధిగానే కూర్చుంటుంది. కళ్లు మాత్రం దారిలో వచ్చే గోడల మీదే ఉంటాయి.

“నాగులన్నా, ఆపు.”

“ఏందమ్మా, సంచి పడిపోయిందా?”

“ఆ గోడ చూడు.”

ఏముంటుంది గోడ మీద? ఎప్పటిదో ఎరువుల కంపెనీ ఎద్దు ఉంటుంది. ఎండకు సగం రాలిపోయి రెండు కొమ్ములూ ఒక కన్నూ మిగిలి ఉంటాయి. దానికోసం ఆమె ముళ్లకంపలు దాటుకుంటూ పోయి, మోకాళ్ల మీద కూర్చుని, మెడ వంకర పెట్టి ఫోటో తీస్తుంది. తీసి ఊరుకుంటుందా? ఇంటివాళ్లను పిలిచి ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఆయన ఏ ఊరాయన అని ఆరా తీస్తుంది. ఎండలో ఆటో టాపు పెనంలా కాలుతుంటే నేను లోపల కూర్చుని పళ్లు నూరుకుంటాను.

అలా ఆమె పుణ్యమా అని మా పడమటి ప్రకాశం గోడలన్నీ నాకూ పరిచయమయ్యాయి. అడవి చెక్‌పోస్టు గోడ మీది పెద్దపులికి పిల్లి మొహం. ఇంకోచోట సింహానికి జూలుకు బదులు మేకపోతు గడ్డం. మలేరియా గోడ మీద దోమ కోడిపెట్టంత ఉంది. ఆ దోమను చూసి నేను పగలబడి నవ్వాను.

“నవ్వొద్దన్నా. దగ్గరికొచ్చి చూడు, దోమకు కనురెప్పలు పెట్టినాడు.”

పోయి చూశాను. నిజమే. దోమకు కనురెప్పలు! ఎన్ని ఏళ్లుగా ఆ దారిన ఆటో తోలుతున్నానో, ఒక్కసారీ నా కంట పడలేదు. ఆ రోజు నుంచి ఆమె ఆపమనకముందే ఒకటి రెండు గోడల దగ్గర నేనే స్పీడు తగ్గించాను. ఆమె గమనించి కూడా ఏమీ అనలేదు, అదొక మంచితనం.

అందరూ నాలా ఊరుకోరు కదా. పుల్లలచెరువు దిక్కున ఒక ముసలాయన కర్ర పట్టుకుని మీదికొచ్చాడు. “ఏందమ్మా, కొలతలు తీసుకుంటా ఉండావా? రోడ్డు ఎడల్పు చేసేదానికి మా గోడ కూలగొడతారా?” అని అరిచాడు.

“లే తాతా, బొమ్మ బాగుందని.”

“నేను పుట్టినకాడి నుంచి బాగుందని ఎవురూ అనలే. నీకొక్కదానికే బాగుందా?”

కెమెరాలో చూపించింది. ఆయన చూసి, కాసేపు గొణిగి, తలపాగా సర్దుకుని గోడ మీది ఎద్దుబొమ్మ పక్కన నిలబడి తనను కూడా తియ్యమన్నాడు.

ఈమెకు ఇదో పిచ్చి అనుకునేవాణ్ణి. ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి, పోనీలే అనుకున్నాను. అసలు సంగతి తెలిసింది పెద్దల అమావాస్య నాడు.

ఆ రోజు ఆమె సంచి ఒకటి నా ఆటోలో మరిచిపోతే ఇచ్చిపోదామని ఇంటికి వెళ్లాను. ఈశ్వరి చేసే ఇంకో పని గురించి ముందు చెప్పాలి. ఊళ్లో ఎవరైనా పోతే, వాళ్ల రేషన్ కార్డు మీది బొటనవేలంత ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెడతారు. ఆమె దాన్ని పెద్దది చేసి, నలిగిన చీరకు బదులు పట్టుచీర అతికించి, దండ వేసుకునే పటంగా చేసి ఇస్తుంది. గిద్దలూరులో సగం ఇళ్లలో పెద్దలు ఈమె కట్టబెట్టిన పట్టుచీరల్లోనే ఉన్నారు. అటువంటి మనిషి ఇంట్లో, అమావాస్య నాడు పీట మీద పటం లేదు. ఒక పలక ఉంది. ఉత్త నల్ల పలక. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు ఆకులో అన్నం వడ్డించింది.

“ఇదేందమ్మా?” అన్నాను, నోరాగక.

“మా అమ్మ.”

కూర్చోబెట్టి చెప్పింది. తల్లి పేరు పార్వతమ్మ. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు బిగించే పని చేసేది. ఈశ్వరికి మాటలు వచ్చీరాని వయసులోనే ఆమె జ్వరంతో చనిపోయింది. తండ్రి పనులు వెతుక్కుంటూ వలస పోయి అక్కడే ఉండిపోయాడు. చిన్నమ్మ కోటమ్మ గిద్దలూరు తెచ్చి పెంచింది. తల్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ రోజుల్లో ఫోటో అంటే పెళ్లికే, వీళ్ల పెళ్లికి అది కూడా లేదు.

“ఒక్క సంగతి మాత్రం చిన్నమ్మ చెప్తా ఉంటాదన్నా. అప్పుడు పెద్దోళ్లందరికీ చదువు చెప్పాలని ఊరూరా గోడల మీద బొమ్మలేయించినారంట గదా. బొమ్మలేసే పెద్దయ్య అని ఒకాయన, పలక ఎట్ల పట్టుకుంటారో చూసేదానికి ఫ్యాక్టరీకొచ్చినాడంట. మా అమ్మను పలక పట్టుకుని కూర్చోమని కాయితం మీద గీసుకుని పోయినాడు. తర్వాత మళ్లీ ఒకసారి కనపడి, నీ మొగం గోడెక్కించినానమ్మా అన్నాడంట. ఏ ఊరో చెప్పలే. అమ్మ అడగలే. ఆ పెద్దయ్య కూడా పోయినాడు.”

ఇంతకాలం ఆపమన్న ప్రతిచోటా నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. అంతలో ఒక మాట మెరిసింది.

“పలక పట్టుకున్న ఆడమనిషా? మా ఊరి బడి గోడకు ఉంది గదమ్మా పలకమ్మ!”

మా ఊరు రాచర్ల దగ్గరే, రోడ్డు దిగి లోపలికి పోవాలి. బడి గోడ మీద ఊదారంగు చీర కట్టుకుని, చేతిలో పలక పట్టుకుని ఒకామె ఉంటుంది. చూరు కింద ఉండడం వల్ల వాన తగల్లేదు. ఆమె ఎవరో మాకు తెలియదు. పలక ఉంది కాబట్టి చదువుల దేవతే అయివుంటుందని పిల్లలం తీర్మానించుకున్నాం. పరీక్షల రోజు పొద్దున్నే వరసగా పోయి ఆమె నుదుటన కుంకుమ పెట్టి మొక్కేవాళ్లం. ఇప్పటికీ మా ఊళ్లో అదే ఆచారం. కుంకుమ మీద కుంకుమ పడి నుదురంతా అట్టకట్టింది. అయ్యవార్లు వద్దని చెప్పి చెప్పి, చివరికి వాళ్ల పిల్లలతో కూడా పెట్టించారు. పదో తరగతి పరీక్షల ముందు నేనూ మొక్కాను. తప్పాను. అది వేరే సంగతి.

మర్నాడే తీసుకెళ్లాను. ఈశ్వరి ఆ గోడకు దగ్గరగా పోయి ముఖమంతా పరీక్షగా చూసింది. తర్వాత నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

“మా అమ్మ గాదన్నా. మా అమ్మకు గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉందంట. ఈమెకు లేదు.”

నాకే ఏడుపొచ్చినంత పనైంది. ఆమె మాత్రం కెమెరా తీసింది.

“అయినా చూడన్నా, ఇది ఊరికే ఏసిన మొగం కాదు. నిజంగా ఉన్న మనిషే. కనుబొమలు ముడేసుకుని ఎవురినో తిట్టేదానికి నోరు తెరుస్తా ఉన్నట్టుంది.”

అదీ నిజమే. మా పలకమ్మ కోపిష్టి. చిన్నప్పుడు పరీక్ష తప్పితే గోడ దిగివచ్చి కొడుతుందని భయపడేవాళ్లం. ఈశ్వరి ఆ చీర రంగును కూడా దగ్గరగా ఫోటో తీసుకుంది. నేరేడుపండు రంగు. అది ఏ డబ్బాలోనూ దొరికేది కాదు, పెద్దయ్య సొంతంగా కలుపుకున్నదే అయివుంటుంది, ఇంకే గోడ మీదా ఆ రంగు చూడలేదు అంది. అప్పటి నుంచి ఇద్దరం ఆ రంగు కోసమే చూశాం.

ఎక్కడ వెతకాలన్నది నేనే తేల్చాను, మహా తెలివిగలవాడిలా. “మీ అమ్మ మార్కాపురంలో ఉండింది. ఆడనే యాడో ఏసుంటాడు. మనిషి ఒక దిక్కున ఉంటే మొగం ఇంకో దిక్కున ఏస్తాడా?” అన్నాను. ఇంకెవరైనా అదే అంటారు. మార్కాపురం చుట్టూ ఉన్న పల్లెలన్నీ తిరిగాం. రెండు ఎండాకాలాలు తిరిగాం. నేరేడురంగు చీరలు దొరక్కపోలేదు. ఒకచోట పాదాలూ అంచూ మాత్రమే మిగిలాయి. ఒకచోట ముఖం ఉంది, చుక్కలు లేవు. ఇంకోచోట ముసలి ముఖం. ఒక్కో ఊళ్లో ఒక్కో మనిషి. అంతమంది ఆడవాళ్లు అదే చీర కట్టుకుని, అదే పలక పట్టుకుని ఉన్నారు గానీ, ఆమె ఒక్కతే ఎక్కడా లేదు.

ఒక ఊళ్లో మేం పోయేసరికి గోడే లేదు. కొత్త ఇల్లు కట్టుకుంటూ అప్పుడే కూలగొట్టారు. మట్టికుప్పలో నేరేడురంగు పెళ్ల ఒకటి దొరికితే ఈశ్వరి తీసి కొంగుతో తుడిచింది. నాకు ఒళ్లు మండింది.

“ఇంక చాలు తల్లీ! ఇదే ఆ గోడేమో, ఎవురికి తెలుసు? వదిలెయ్. ఉన్నోళ్లను చూసుకో.”

ఆమె నా వైపు తిరిగింది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

“నీకేమన్నా, మీ అమ్మ మొగం నీకు తెలుసు. కళ్లు మూసుకుంటే కనపడతాది. నాకు కనపడదు. ఊళ్లో అందరి అమ్మలకూ పటాలు కట్టిస్తా ఉన్నా. మా అమ్మ ఎదురుగా వచ్చి నిలబడినా గుర్తుపట్టలేను. నేను ఆమె మాదిరి ఉన్నానో లేనో, చిన్నమ్మ ఒక్కోసారి ఒక్కోటి చెప్తాది. ఎట్ల వదిలెయ్యమంటావు?”

నేను ఆటో స్టార్ట్ చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు అర్ధవీడు అవతల, అడవి అంచున ఉండే ఒక పల్లెలో ఫంక్షన్ ఫోటోలకు పిలుపొచ్చింది. పోతుంటే గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఎంత హారన్ కొట్టినా వింటాయా? విసుక్కుంటూ కూర్చున్నాను. పక్కన ఈశ్వరి కూడా గోడల్లేని చోటు కదా, ఊరికే చూస్తోంది. ఉన్నట్టుండి నా భుజం పట్టుకుని ఊపేసింది.

“అన్నా, మెడలు చూడు. గొర్రెల మెడలు!”

మాదీ ఒకప్పుడు గొర్రెల ఇల్లే. మంద కలిసిపోతే ఎవరివి ఎవరివో తెలియడానికి ప్రతి ఇంటివాళ్లూ ఒక గుర్తు పూస్తారు. దాదాపు అందరూ పూసేది ఎర్రరంగే. ఒకరు మెడకు, ఒకరు వీపుకు, ఒకరు తోక మొదట్లో. ఆ గుర్తు ఇంటిపేరు లాంటిది, తాత పూసిందే మనవడూ పూస్తాడు. మారిస్తే మందకు అచ్చిరాదని భయం. ఈ మందలో మాత్రం ప్రతి గొర్రె మెడ మీదా నేరేడుపండు రంగు!

ఈశ్వరి అప్పటికే దిగి పరుగెత్తింది. కాపరి పేరు రంగయ్య. మా ఈడువాడే.

“ఈ రంగు యాడిది అన్నా మీకు?”

“ఇప్పుడైతే దుకాణంలో ఎరుపూ నీలం తెచ్చి మేమే కలుపుకుంటాం. మా నాయన కాలం నుంచి ఇదే గుర్తు.”

“అందరూ ఎరుపు పూస్తే, మీ నాయన ఇదెందుకు పూసినాడు?”

“ఎప్పుడో మా ఇంటెనక గోడకు బొమ్మేసేదానికి ఒకాయన వచ్చినాడంట. మా ఇంట్లోనే తిన్నాడు, మా ఇంట్లోనే పండుకున్నాడు. పోతా పోతా మిగిలిన రంగు మా నాయనకిచ్చి, గొర్రెలకు పూసుకోమన్నాడు. ఆ ఏడు మంద బాగా పెరిగింది. ఇంక మార్చలే.”

నేనే అడిగాను, ఆ బొమ్మ ఇంకా ఉందా అని.

రంగయ్య నవ్వాడు. “ఉంటే ఉంది, లేకుంటే లేదు. ఆ గోడకు మా యమ్మ పిడకలు కొడతాది.”

ఈశ్వరి ముఖం వాడిపోవడం నేను చూశాను. రంగయ్య వెంట వాళ్ల ఇంటికి బయలుదేరాం. పేడ కొట్టిన గోడ మీద ఏం మిగులుతుంది? ఎండిన పిడకను పీకిన ప్రతిసారీ దాంతోపాటు రంగు కూడా ఊడివస్తుంది. నా నోటికి ఓదార్పు మాటలు రావు, వస్తే చెప్పేవాణ్ణే.

ఇంటి వెనక గోడంతా పిడకలే. కింది నుంచి పైదాకా వరసలు. వాటి ముందు ముసలామె ఒకతి చేతులనిండా పేడతో నిలబడి ఉంది. రంగయ్య తల్లి సుబ్బులమ్మ. మమ్మల్ని చూడగానే కనుబొమలు ముడేసింది.

“ఎవుర్రా వీళ్లు? గోడకు నంబరేసేదానికొచ్చినారా?”

నేను గోడ వైపే చూస్తున్నాను. పిడకల మధ్యలో, చూరుకు కాస్త కింద, చాటంత మేర గుండ్రంగా ఖాళీ వదిలేసి ఉంది. అందులో ఒక ముఖం. చీర లేదు, పలక లేదు, చేతుల్లేవు, అన్నీ పేడ కింద పోయాయి. ముఖం మాత్రం నిన్న వేసినట్టుంది. చిన్న నవ్వు. గడ్డం మీద మూడు చుక్కలు.

ఇదేమిటి, ఈ ముఖాన్ని నేను రోజూ ఆటోలో చూస్తున్నానే అనిపించింది. కళ్లు, ముక్కు, ఆ నవ్వు కూడా ఈశ్వరిదే.

“అవ్వా,” అంది ఈశ్వరి. “ఈడ ఎందుకు పిడకలు కొట్టలేదు?”

“మొగాన పేడ కొడతారా ఎవురైనా?” సుబ్బులమ్మ కసిరింది. “చూస్తా ఉంటాది గదా! నేను కాపరానికొచ్చిన కొత్తలో ఏసినారు. మా ఆయన గొర్రెలెంబడి అడవికి పోతే నెలల తరబడి రాడు. నాకెవురు ఉండారు? పిడకలు కొడతా ఈమెతోనే మాట్లాడేదాన్ని. పలకలక్కా అంటా. సున్నం కొట్టినా ఆడ వదిలేస్తా. నా కోడలొకసారి తెలీక కొట్టబోతే చెయ్యి పట్టుకున్నా. ఏం పాపా, ఎందుకట్ల ఏడుస్తా ఉండావు?”

“మా అమ్మ అవ్వా. ఆమె మా అమ్మ.”

సుబ్బులమ్మ చేతిలో పేడ కింద పడింది. ఆ చేతులతోనే ఈశ్వరిని పట్టుకోబోయి, చూసుకుని ఆగింది. మోచేతులతో దగ్గరికి లాక్కుంది. “ఓ నా తల్లే! ఇన్నాళ్లు ఎవురూ రాలేదే నీ కోసం అని ఎన్నిసార్లు అడిగినానో మీ యమ్మను.” ఇద్దరూ ఏడ్చారు. నేనూ రంగయ్యా గొర్రెల వైపు తిరిగి నిలబడ్డాం, అదేదో మాకు అవసరమైన పని అన్నట్టు.

తేరుకున్నాక నేనే అడిగాను. “అవ్వా, ఈమెది మార్కాపురం. ఇంత దూరం తెచ్చి ఈడ ఎందుకేసినాడు?”

“ఆ పెద్దయ్య పద్ధతి అంతే నాయనా. నా మొగం ఎయ్యమని నేనూ అడిగినా. ‘ఈ ఊళ్లో ఎయ్యనమ్మా. ఒకసారి ఒకామె మొగం వాళ్ల ఊళ్లోనే ఏస్తే, మా ఆడమనిషి నీకెట్ల తెలుసురా అని ఆమె మొగుడు చెప్పుతో కొట్టినాడు. అప్పటి నుంచి ఎవురి మొగమైనా ఇంకో ఊరికి తీసకపోయి ఏస్తా’ అన్నాడు. ఈమె మార్కాపురం పలకల ఫ్యాక్టరీ ఆమె అని చెప్పినాడు. మరి నా మొగం అంటే, ఈడి నుంచి పోయే ఊళ్లో ఏస్తానన్నాడు. ఏసినాడో లేదో, ఎవురు నమ్మాల ఆయన్ని!”

అంటూ సుబ్బులమ్మ కనుబొమలు ముడేసుకుని, ఎవరినో తిట్టబోతున్నట్టు నోరు తెరిచింది.

ఆ కోపం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఈశ్వరి వైపు చూశాను. ఆమె అప్పటికే కళ్లు తుడుచుకుని ఫోన్‌లో వెతుకుతోంది. దొరకగానే ముసలామె ముందు పెట్టింది.

సుబ్బులమ్మ తల వెనక్కి పెట్టి చూసింది. “ఎవురీమె? ఎందుకట్ల గుర్రుమంటా ఉంది?”

రంగయ్య తొంగిచూసి విరగబడి నవ్వాడు. “అమ్మా, అది నువ్వే!”

“ఛీ, నేనింత కోపంగా ఉంటానా?” అని అచ్చం అదే ముఖంతో అరిచింది. తర్వాత మళ్లీ చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. “వయసులో బాగానే ఉన్నానే. ఈ ఎర్రదేంది నుదుటన?”

“కుంకుమవ్వా. అది మా ఊరి బడి గోడ. పరీక్షలకు ముందు పిల్లోళ్లంతా నీకు బొట్టు పెట్టి మొక్కుతారు. నువ్వు చదువుల తల్లివనుకున్నాం మేము.”

సుబ్బులమ్మ నన్నూ ఈశ్వరినీ మార్చి మార్చి చూసింది. ఎగతాళి చేస్తున్నామేమోనని ఆమె అనుమానం. కాదని తెలిశాక అక్కడే నేల మీద కూలబడింది.

“నాకు అ అంటే ఏందో కూడా రాదు గదరా!”

కాసేపటికి మెల్లగా అడిగింది. “పిల్లోళ్లు పాసైతా ఉండారా?”

“అవుతా ఉండారవ్వా. నేనొక్కణ్ణే తప్పినా.”

“నువ్వు సగం మనసుతో మొక్కింటావు,” అంది.

ఫంక్షన్‌కు ఆలస్యంగా పోయి ఆ రోజు తిట్లు తిన్నాం. సుబ్బులమ్మకు ఆమె పటం కట్టించి ఈశ్వరి నా ఆటోలోనే పంపించింది. మళ్లీ పెద్దల అమావాస్య వచ్చినప్పుడు నన్ను భోజనానికి పిలిచింది. పీట మీద పలక పక్కన పెద్ద పటం, దండ. దగ్గరికి పోయి చూసి ఆశ్చర్యపోయాను. ఊరందరికీ పట్టుచీరలు అతికించే మనిషి, తల్లి ఫోటోను తీసింది తీసినట్టే ఉంచింది. ముఖం చుట్టూ గోడనిండా పిడకలు, ఒక్కోదాని మీద సుబ్బులమ్మ అయిదు వేళ్లు.

“ఏందమ్మా ఇది? ఆ పిడకలు తీసేసి, మీ అమ్మకూ ఒక మంచి చీర కట్టరాదా?”

ఈశ్వరి ఆకులో అన్నం వడ్డిస్తూ తలెత్తింది. గడ్డం మీద చుక్కలు లేవు గానీ, అదే నవ్వు.

“వాటినెట్ల తీసేస్తానన్నా? ఆ చేతులే గదా మా అమ్మను నా కోసం ఉంచింది.”